ల్యాబ్ రిపోర్టు లింకులో ఒక్క అంకె మారితే వేరేవాళ్ల రిపోర్టు తెరుచుకుంది, మావాడు మిగతావి కూడా దింపేశాడు. ఇది తప్పేనా?

జిరాక్స్‌షాపు_తిరుపతి:

అందరికీ నమస్కారం. నాకు తిరుపతిలో ఆసుపత్రుల రోడ్డులో జిరాక్స్, నెట్ షాపు ఉంది. రుయా, స్విమ్స్, ప్రసూతి ఆసుపత్రి అన్నీ దగ్గరే కాబట్టి వచ్చేవాళ్లలో ఎక్కువమంది పేషెంట్లు, వాళ్ల వెంట వచ్చినవాళ్లే. ఆరోగ్యశ్రీ కాగితాలు, ఆధార్ కాపీలు, రిపోర్టుల ప్రింట్లు, ఇదే పని. ఈ మధ్య ల్యాబులు కాగితం ఇవ్వడం తగ్గించి ఫోన్‌కి మెసేజ్‌లో లింకు పంపుతున్నాయి. డాక్టరేమో కాగితం పట్టుకురమ్మంటాడు. అందుకని ఆ లింకులు తెరిచి ప్రింటు తీయడం మాకు రోజూ ఉండే బేరం.

మొన్న పీలేరు వైపు నుంచి ఒక పెద్దాయన కీప్యాడ్ ఫోన్ తెచ్చాడు. అందులో లింకు తెరుచుకోదు కదా, మెసేజ్ చూస్తూ అడ్రస్ మొత్తం కంప్యూటర్‌లో టైప్ చేశాను. చివర్లో పొడుగాటి నంబరు ఉంది. స్క్రీన్ మీద గీతలు పడి ఆఖరి అంకె 6 నాకు 8 లాగా కనిపించింది. తప్పు నంబరు కొడితే ఏమీ రాకూడదు. రిపోర్టే వచ్చింది, కానీ పెద్దాయనది కాదు. ఒక ఆడమనిషి పేరు, వయసు, ఫోన్ నంబరు, పంపిన డాక్టరు పేరు, కింద గర్భ పరీక్ష, హెచ్‌ఐవీ పరీక్ష ఫలితాలు. పాస్‌వర్డ్ లేదు, ఓటీపీ లేదు. పక్కన నలుగురు నిలబడి ఉన్నారు. వెంటనే మూసేసి సరైన నంబరు కొట్టి పెద్దాయనకి ప్రింటు ఇచ్చి పంపాను.

సాయంత్రం షాపులో కూర్చునే మా అక్క కొడుక్కి ఈ సంగతి చెప్పాను. వాడు బీటెక్ మూడో సంవత్సరం, సైబర్ సెక్యూరిటీ. ఆ రాత్రే ఏదో చిన్న ప్రోగ్రాం రాసి, నంబర్లు వరుసగా మార్చుకుంటూ పోయి రెండు వందల దాకా రిపోర్టులు వాడి ల్యాప్‌టాప్‌లోకి దింపాడు. ఎందుకురా అంటే, "మామా, ఒకటి చూపిస్తే ఏదో పొరపాటు అంటారు, రెండు వందలు చూపిస్తే కదా దారికొస్తారు" అన్నాడు. డబ్బు కోసం కాదు, ఎవరికీ పంపలేదు, అది నేను గట్టిగా చెప్పగలను.

ఇద్దరం ల్యాబ్‌కి వెళ్లి మేనేజర్‌కి చెప్పాం. ల్యాబ్ పేరు ఇక్కడ రాయను. ఆయన ముందు నమ్మలేదు, తర్వాత వీడు ల్యాప్‌టాప్ తెరిచి ఫోల్డర్ చూపించేసరికి ముఖం మారిపోయింది. "మీరు మా సర్వర్‌ని హ్యాక్ చేశారు, పోలీస్ కంప్లైంట్ ఇస్తాం" అన్నాడు. మావాడు కోపంతో, అయితే పేర్లు చెరిపేసి లోకల్ యూట్యూబ్ ఛానల్‌కి ఇచ్చేస్తా అంటున్నాడు. మా అక్క టెన్షన్‌తో రెండు రోజులుగా అన్నం సరిగా తినడం లేదు.

తాళమే లేనిచోట దొంగతనం ఎలా అవుతుందని వాడి వాదన. నాకు అది పూర్తిగా సరైనదని అనిపించడం లేదు, పూర్తిగా తప్పని చెప్పడానికీ మాట రావడం లేదు. తెలిసినవాళ్లు చెప్పండి. వాడు చేసింది తప్పా? ఇప్పుడేం చేయాలి?

—

చిత్తూరు_బగ్‌వేటగాడు:

అన్నా, నాది చిత్తూరు మురకంబట్టు దగ్గర, బెంగళూరులో ఇదే ఉద్యోగం. కంపెనీలు డబ్బులిచ్చి రాతపూర్వకంగా అనుమతి ఇస్తే వాళ్ల సైట్లలో కంతలు వెతికి చెప్తాం. అందుకే మొహమాటం లేకుండా చెప్తున్నా. మీరు చేసిన దాంట్లో తప్పు లేదు. మీ మేనల్లుడు చేసింది తప్పు. ఉద్దేశం మంచిదే, ఒప్పుకుంటా, కానీ తప్పే.

ముందు జబ్బేంటో చెప్తా. దీన్ని మా భాషలో ఐడోర్ అంటాం. సర్వర్ "ఈ నంబరు రిపోర్టు ఉందా?" అని మాత్రమే చూస్తుంది, "అడుగుతున్న మనిషికి దాన్ని చూసే హక్కు ఉందా?" అని చూడదు. నంబర్లు వరుసగా ఉంటే చిన్నపిల్లాడైనా పక్కది తెరవగలడు. ఓవాస్ప్ అని ఒక సంస్థ వెబ్‌సైట్లలో ఎక్కువగా ప్రమాదం తెచ్చే లోపాల జాబితా వేస్తుంది, 2021 జాబితాలో మొదటి స్థానం ఈ రకం లోపాలదే. అంటే కొత్త రోగం కాదు, మందు కూడా తెలిసిందే. ఫోన్‌కి ఓటీపీ పంపాలి, లింకులో వరుస నంబరు బదులు ఊహించలేని పొడవాటి కోడ్ పెట్టాలి, కొన్నాళ్ల తర్వాత లింకు పనిచేయకుండా చేయాలి. మంచి డెవలపర్‌కి పెద్ద పనేం కాదు.

ఇప్పుడు మీవాడి సంగతి. కంత ఉందని తెలిసిపోయింది. ఎప్పుడు తెలిసింది? మీరు 8 కొట్టినప్పుడే. దాన్ని ఇంకోసారి రూఢి చేసుకోవాలంటే ఎవరి పరువూ పోని దారి ఉంది. తను అదే ల్యాబ్‌లో ఒక షుగర్ టెస్టు చేయించుకోవాలి, మీతో ఒకటి చేయించాలి. మీ ఇద్దరి లింకులూ పక్కపక్కన పెట్టుకుని, మీ లింకులో తన నంబరు పెట్టి చూడాలి. తెరుచుకుంటే చాలు. రెండూ మీ సొంత రిపోర్టులే, ఎవరి అనుమతీ అడగక్కర్లేదు. మేం పనిలో చేసేది కూడా ఇదే, రెండు ఖాతాలు మేమే తెరిచి ఒకదాన్నుంచి ఇంకోదాన్ని చూస్తాం. మూడో మనిషిది ముట్టం. పొరపాటున కనబడితే అక్కడే ఆపి, ఆ సంగతి రిపోర్టులో రాస్తాం.

2021లో చెన్నై తాంబరం వైపు ప్లస్ టూ చదివే కుర్రాడు ఐఆర్‌సీటీసీ సైట్లో సరిగ్గా ఇలాంటి కంతే పట్టాడు. టికెట్ బుక్ చేస్తూ లావాదేవీ నంబరు మారిస్తే వేరే ప్రయాణికుల వివరాలు కనిపించాయి. లక్షల మంది రోజూ వాడే సైటు అది. ఆ అబ్బాయి చేసింది సెర్ట్-ఇన్‌కి రాయడం. అది కేంద్ర ఐటీ శాఖ కింద 2004 నుంచీ ఉన్న సంస్థ, ఇలాంటి ఫిర్యాదులు తీసుకుని సంబంధిత వాళ్లకి పంపుతుంది. కొద్దిరోజుల్లోనే ఐఆర్‌సీటీసీ ఆ కంత పూడ్చింది. ఆ తర్వాతే పత్రికల్లో వచ్చింది. మీవాడి చదువుకి అది మంచి పాఠం, చూపించండి.

రెండు వందల ఫైళ్లు చూపిస్తే భయపడి సరిచేస్తారంటున్నాడు కదా, అక్కడే నాకు అభ్యంతరం. భయపెట్టడం మొదలైతే ఎదుటివాడికి మీరు ఫిర్యాదు చెప్పడానికి వచ్చినవాళ్లలాగా కాదు, బేరమాడటానికి వచ్చినవాళ్లలాగా కనిపిస్తారు. ఉబర్ కథ తెలుసా? 2016లో ఇద్దరు లోపలికి చొరబడి కోట్ల మంది వివరాలు తీసుకుని డబ్బు అడిగారు. కంపెనీ 1,00,000 డాలర్లు ఇచ్చి దాన్ని బగ్ బౌంటీ, అంటే లోపం పట్టి చెప్పినవాళ్లకిచ్చే బహుమతి లెక్కలో చూపించింది. ఆ సంగతి దాచినందుకు ఉబర్ సెక్యూరిటీ అధికారి జో సలివన్‌ని 2022లో కోర్టు దోషిగా తేల్చింది. తీసుకెళ్లిన వాళ్లిద్దరూ కూడా నేరం ఒప్పుకున్నారు. మీవాడు డబ్బు అడగలేదు, సరే, కానీ వేరేవాళ్ల ఫైళ్లు చేతిలో పెట్టుకుని మాట్లాడటం అనే పద్ధతి అదే.

ఛానల్‌కి ఇవ్వడం గురించి ఆలోచించొద్దు. ఆ ఫోల్డర్ ఈ రాత్రికే డిలీట్ చేయమనండి.

—

నిప్పులాంటి_నిజం:

పై అన్న చెప్పింది కంపెనీల్లో పనిచేసేవాళ్ల ధర్మం. వాళ్లకి అనుమతి కాగితం ఉంటుంది, జీతం ఉంటుంది, లాయర్ ఉంటాడు. తిరుపతిలో బీటెక్ కుర్రాడికి ఏముంది? ఒక్క స్క్రీన్‌షాట్ తీసుకెళ్తే ఆ మేనేజర్ "సరే చూస్తాంలే" అని పంపేసేవాడు. ఆ కంత అలాగే ఉండేది. రేపు ఎవడో బ్లాక్‌మెయిల్ చేసేవాడు వచ్చి రెండు వందలు కాదు, రెండు లక్షలు దింపుకుంటే అప్పుడెవరు జవాబు చెప్తారు? అప్పుడు కూడా ల్యాబ్ నోరు విప్పదు, పేషెంటుకి అసలు తెలియనే తెలియదు.

మన హైదరాబాద్ హరిప్రసాద్ గారినే తీసుకోండి. 2010లో ఇద్దరు విదేశీ పరిశోధకులతో కలిసి ఓటింగ్ యంత్రాన్ని ఎలా మోసం చేయొచ్చో చూపించారు. అప్పటిదాకా ఆ యంత్రాల్ని స్వతంత్రంగా పరీక్షించనివ్వలేదు. ఆగస్టులో పోలీసులు ఇంటికొచ్చి అరెస్టు చేసి ముంబయి తీసుకెళ్లారు, కేసేమో యంత్రం దొంగతనం. ఆ యంత్రం ఇచ్చిందెవరో చెప్పమంటే ఆయన చెప్పలేదు. అదే ఏడాది అమెరికాలో ఇంటర్నెట్ హక్కుల కోసం పనిచేసే ఈఎఫ్ఎఫ్ సంస్థ ఆయనకి పయనీర్ అవార్డు ఇచ్చింది. 2018లో ట్రిబ్యూన్ పత్రిక విలేకరి 500 రూపాయలిస్తే ఆధార్ వివరాలు దొరుకుతున్నాయని రాస్తే ఆధార్ ఇచ్చే సంస్థ ఉడాయ్ ఎఫ్ఐఆర్ వేసింది, అందులో ఆ విలేకరి పేరు కూడా చేర్చారు. మన దేశంలో కంత పెట్టినవాడి మీద కేసు ఉండదు, చూపించినవాడి మీదే ఉంటుంది. అందుకే నలుగురికీ తెలిసేలా చెప్పడమే మనకున్న ఒకే ఒక్క రక్షణ. పేర్లు చెరిపేసి ఇస్తే నష్టం ఎవరికి? నేనైతే ఛానల్‌కి ఇమ్మనే చెప్తా.

—

అడ్వకేట్_తిరుపతి:

నేను తిరుపతి కోర్టుల్లో ప్రాక్టీస్ చేస్తున్నాను. చట్టం సంగతి కొంచెం వివరంగా రాస్తాను, ఓపికగా చదవండి, ఎందుకంటే మీ అబ్బాయి వాదనా, ల్యాబ్ వాదనా రెండూ సగం సగమే.

ఐటీ చట్టం 2000, సెక్షన్ 43 ప్రకారం కంప్యూటర్ యజమాని అనుమతి లేకుండా అందులోకి వెళ్లడం, అందులోని సమాచారం కాపీ చేయడం రెండూ తప్పే. తాళం ఉందా లేదా అని ఆ సెక్షన్ అడగదు, అనుమతి ఉందా లేదా అని మాత్రమే అడుగుతుంది. దానికి నష్టపరిహారం కట్టాల్సి రావచ్చు. అదే పని దురుద్దేశంతోనో మోసంతోనో చేస్తే సెక్షన్ 66 కిందికి వచ్చి నేరమవుతుంది, మూడేళ్ల దాకా జైలు, లేదా 5 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. అది బెయిల్ వచ్చే సెక్షనే, కాబట్టి అక్కగారికి ధైర్యం చెప్పండి. మీ అబ్బాయి లాభం చూసుకోలేదు, ఎవరికీ నష్టం చేయాలనుకోలేదు కాబట్టి 66 నిలబడటం కష్టమని నా అభిప్రాయం. కానీ ఎఫ్ఐఆర్ అయ్యాక నిలబడదని తేలడానికి ఎన్నేళ్లు పడుతుందో కోర్టు చుట్టూ తిరిగినవాళ్లకి తెలుసు. ఈలోపు పాస్‌పోర్టు, క్యాంపస్ ఉద్యోగం, అన్నీ ఆగుతాయి. మంచి మనసుతో లోపం వెతికినవాళ్లకి రక్షణ అంటూ మన చట్టంలో విడిగా ఏమీ రాయలేదు. అమెరికాలో 2022 మేలో వాళ్ల న్యాయశాఖ అలాంటి వాళ్ల మీద కేసులు పెట్టొద్దని తన ప్రాసిక్యూటర్లకి చెప్పింది. ఇక్కడ ఆ వెసులుబాటు లేదు, ఉండాలని నేను గట్టిగా కోరుకుంటాను.

మీ కేసుకి అచ్చుగుద్దినట్టు సరిపోయే కేసు అమెరికాలో ఉంది. 2010లో ఏటీ అండ్ టీ అనే ఫోన్ కంపెనీ సైట్లో ఐప్యాడ్ సిమ్ నంబరు మారుస్తూ పోతే ఆ కస్టమర్ ఈమెయిల్ బయటపడేది. పాస్‌వర్డ్ లేదు. ఇద్దరు కుర్రాళ్లు ప్రోగ్రాం రాసి 1,14,000 ఈమెయిళ్లు లాగి ఒక వార్తా సైటుకి ఇచ్చారు. వాళ్లలో ఆవర్న్‌హైమర్ అనే అతనికి 2013లో 41 నెలల జైలు పడింది. 2014లో పై కోర్టు ఆ తీర్పు కొట్టేసింది, కానీ ఎందుకు? విచారణ జరగాల్సిన రాష్ట్రంలో జరగలేదని. ఆ పని నేరమా కాదా అన్నది అక్కడ తేలలేదు. ఏడాదికి పైగా జైల్లో ఉండి వచ్చాడు.

దీని పక్కన అమెరికాలోనే మిస్సోరీ రాష్ట్రంలో 2021లో జరిగిన సంగతి పెట్టి చూడండి. ప్రభుత్వ సైటు పేజీల కోడ్‌లో టీచర్ల సోషల్ సెక్యూరిటీ నంబర్లు, అంటే మన ఆధార్ నంబరు లాంటివి, కనిపిస్తున్నాయని ఒక విలేకరి గమనించాడు. వాటిని పోగు చేయలేదు. ముగ్గురు టీచర్లకి ఫోన్ చేసి ఈ నంబరు మీదేనా అని అడిగి రూఢి చేసుకున్నాడు, శాఖకి చెప్పాడు, వాళ్లు సరిచేసేదాకా వార్త ఆపాడు. అయినా గవర్నర్ అతన్ని హ్యాకర్ అన్నాడు, కేసు పెట్టిస్తానన్నాడు. 2022 ఫిబ్రవరిలో ప్రాసిక్యూటర్ కేసు పెట్టేది లేదని తేల్చేశాడు. ఇద్దరూ చూసింది తాళం లేని సమాచారమే. కానీ ఈ విలేకరి ఎంత అవసరమో అంతే చూశాడు, తర్వాత ఆ సమాచారం ఎవరిదో వాళ్లనే అడిగాడు.

నిప్పులాంటి నిజం గారూ, హరిప్రసాద్ గారి పేరు ఇక్కడికి తేవడం సరికాదు. ఆయన విప్పి చూపించింది యంత్రాన్ని. ఇందులో బయటపెట్టేది మనుషుల శరీరాల సంగతులు. పేర్లు చెరిపినా వయసు, డాక్టరు పేరు, తేదీ, ఊరు మిగిలితే తెలిసినవాళ్లు ఇట్టే పోల్చేస్తారు.

డిలీట్ చేయమన్న సలహాతో మాత్రం నేను ఏకీభవించను. ల్యాబ్ కంప్లైంట్ ఇస్తానన్న తర్వాత ఫోల్డర్ మాయం చేస్తే సాక్ష్యం చెరిపేశారనే మాట పడుతుంది. ఆ ల్యాప్‌టాప్ ఆపేసి పక్కన పెట్టండి. ఏ రోజు ఏం చేశాడు, ఎందుకు చేశాడు, ఎవరికీ ఇవ్వలేదు అని అబ్బాయి చేత ఉన్నది ఉన్నట్టు రాయించండి. లాయర్ ద్వారా ల్యాబ్‌కి లెటర్ పంపండి, వాళ్ల సమక్షంలో చెరిపేయడానికి సిద్ధమని అందులో రాయండి. సెర్ట్-ఇన్‌కి కూడా అదే రోజు రాయండి. ల్యాబ్ తప్పు చిన్నదేం కాదు. ఐటీ చట్టం కింద తెచ్చిన 2011 నియమాల్లోనే వైద్య రికార్డుల్ని సున్నితమైన సమాచారంలో చేర్చారు, 2023 డేటా రక్షణ చట్టంలో భద్రత చర్యలు తీసుకోకపోతే 250 కోట్ల దాకా జరిమానా రాశారు. ఇది ఆ మేనేజర్‌కి తెలిస్తే కంప్లైంట్ ఇచ్చే ముందు రెండుసార్లు ఆలోచిస్తాడు. కానీ మీరు ఆ మాట బెదిరింపులా రాయొద్దు.

—

స్టాఫ్‌నర్సు_మదనపల్లె:

అందరూ ల్యాబ్ గురించి, అబ్బాయి గురించి రాస్తున్నారు. మొదటి పోస్టులో ఒక ఆడమనిషి ఉంది, ఆమె గురించి ఎవరూ ఒక్క ముక్క అడగలేదు. అందుకే రాస్తున్నాను.

మా వైపు వాళ్లు టెస్టు కోసం తిరుపతి దాకా ఎందుకు వస్తారో మీకు తెలుసా అన్నా? మా ఊళ్లో ల్యాబులు లేక కాదు. ఇక్కడ చేయించుకుంటే రక్తం తీసేవాడు అన్న స్నేహితుడు, కౌంటర్‌లో కూర్చునే అమ్మాయి ఆడబిడ్డకి క్లాస్‌మేట్. చిత్తూరు వాళ్లు వేలూరు వెళ్తారు, మదనపల్లె వాళ్లు తిరుపతి వస్తారు. తెలిసిన ముఖం ఎదురుకాకూడదని బస్సెక్కి వస్తారు. ఒకామె హెచ్‌ఐవీ పరీక్షకి పేరు మార్చి రాయమని నన్ను బతిమాలింది, కుదరదని చెప్తే చేయించుకోకుండానే వెళ్లిపోయింది. ఇది జరిగి చాలా కాలమైంది, ఇప్పటికీ గుర్తొస్తుంది. రిపోర్టు బయటికి పొక్కుతుందని ఊళ్లో ఒక్కసారి మాట పాకితే ఇలాంటి వాళ్లు ఇంకెంతమంది పరీక్ష మానేస్తారో ఆలోచించండి. హెచ్‌ఐవీ ఉందని ఆ మనిషి ఒప్పుకోకుండా బయటపెట్టకూడదని 2017లో విడిగా ఒక చట్టమే చేసింది ఇందుకే.

తమ్ముడికి నేను చెప్పేది ఒకటే. రిసెప్షన్ టేబుల్ మీద రిజిస్టరు తెరిచి పెట్టి ఉంటే, సంతకం పెడుతూ పై లైను కంటపడటం ఎవరి తప్పూ కాదు. కూర్చుని పేజీలు తిప్పడం వేరు. రిజిస్టరు మూయకుండా వదిలేసినవాళ్లది ఎంత తప్పో, తిప్పినవాడిదీ అంతే తప్పు. ఒకరి తప్పు ఇంకొకరికి అనుమతి అయిపోదు, ఎందుకంటే అందులో ఉన్నది వాళ్లిద్దరిదీ కాదు. ఆ రెండు వందల మందిలో నీ వీధివాళ్లు ఉండొచ్చు, నీ క్లాసులో అమ్మాయి ఉండొచ్చు. నువ్వు చదవలేదంటే నేను నమ్ముతాను. ఆ అమ్మాయి నమ్మాలి కదా. ఆమెకి తెలిస్తే రేపట్నుంచి నీ ఎదురుగా ఎలా నడుస్తుంది?

ఇంకొకటి. ఛానల్‌లో వస్తే ల్యాబ్ పరువు పోతుందని అనుకుంటున్నారు. ల్యాబ్ పేరు మార్చుకుని ఇంకో వీధిలో బోర్డు పెడుతుంది. "ఆ ల్యాబ్ రిపోర్టులు లీకయ్యాయట, మీ కోడలు కూడా అక్కడికే కదా వెళ్లింది" అనే మాట మాత్రం ఆ ఇంట్లో నిలిచిపోతుంది.

—

నిప్పులాంటి_నిజం:

నర్సక్కా, మీరు చెప్పింది ఒప్పుకుంటున్నాను. ఛానల్ మాట వెనక్కి తీసుకుంటా. కానీ ల్యాబ్ ఊరికే తప్పించుకోవడానికి మాత్రం నేను ఒప్పుకోను. మర్యాదగా లెటర్ రాసి కూర్చుంటే వాళ్లు కదలకపోతే ఎన్నాళ్లు ఆగాలి? దానికో గడువు ఉండాలి కదా?

—

చిత్తూరు_బగ్‌వేటగాడు:

ఉంది బ్రో. గూగుల్ వాళ్ల ప్రాజెక్ట్ జీరో టీం ఏ కంపెనీకి లోపం చెప్పినా 90 రోజులు గడువిస్తుంది, ఆలోగా సరిచేయకపోతే లోపం వివరాలు బయటపెట్టేస్తుంది. చూడు, వాళ్లు బయటపెట్టేది లోపం వివరాలు, జనాల ఫైళ్లు కాదు. ఇక్కడ సాఫ్ట్‌వేర్‌లో ఉన్న కంత సంగతి కాదు, నడుస్తున్న సైటు, మనుషుల రిపోర్టులు రోజూ చేరుతున్నాయి కాబట్టి 90 రోజులు ఎక్కువ, వారంలో ఆ లింకులు ఆపమని అడగడం న్యాయం. సెర్ట్-ఇన్‌కి రాస్తే కదలిక త్వరగా వస్తుంది.

డిలీట్ విషయంలో అడ్వకేట్ గారి మాటే వినండి అన్నా. మాకు ఒప్పందంలోనే చెరిపేయాలని రాసి ఉంటుంది కాబట్టి నేను ఆ అలవాటులో రాశాను, కేసు పెడతామని బెదిరించిన చోట అది వేరు.

—

జిరాక్స్‌షాపు_తిరుపతి:

అందరికీ చాలా థ్యాంక్స్. ఇవన్నీ మావాడి చేత షాపులో కూర్చోబెట్టి చదివించాను. అడ్వకేట్ గారిదీ, బగ్‌వేటగాడు తమ్ముడిదీ చదువుతున్నంత సేపూ వాదిస్తూనే ఉన్నాడు. నర్సు గారిది చదివాక వాదించలేదు. వాళ్ల క్లాసులో అమ్మాయి పేరు ఆ ఫోల్డర్‌లో ఉందో లేదో తనకి తెలియదనీ, ఇక తెలుసుకోవాలని కూడా లేదనీ అన్నాడు.

తెలిసిన లాయర్ దగ్గరికి వెళ్లి ల్యాబ్‌కి లెటర్ పంపాం, సెర్ట్-ఇన్‌కి మావాడే రాశాడు, ఏం చేశాడో దాచకుండా రాశాడు. ల్యాప్‌టాప్ మా ఇంట్లో బీరువాలో ఉంది. నిన్న ఒకామె అదే ల్యాబ్ లింకు తెచ్చింది, తెరిస్తే ఓటీపీ అడిగింది, ఆమె ఫోన్‌కే వచ్చింది. అంటే సరిచేశారు. లెటర్‌కి మాత్రం ఇంకా జవాబు రాలేదు, కంప్లైంట్ ఇచ్చారో లేదో తెలియదు. మావాడికి ఇప్పటికీ ఒక బాధ ఉంది. ఇన్నాళ్లూ ఆ రిపోర్టులు ఎవరెవరు చూశారో ల్యాబ్ ఎవరికీ చెప్పదు, అంతా సర్దేసినట్టు ఊరుకుంటుందని. అది నాకూ న్యాయంగా లేదనిపిస్తోంది. ఆ మొదట కనిపించిన ఆమె ఫోన్ నంబరు నేను రాసుకోలేదు, రాసుకున్నా ఫోన్ చేసి ఏమని చెప్తాను?

—

స్టాఫ్‌నర్సు_మదనపల్లె:

మీరు ఫోన్ చేయకండి అన్నా. ముక్కూముఖం తెలియని మగమనిషి ఫోన్ చేసి నీ రిపోర్టు చూశానంటే ఆమె భయపడిపోతుంది. ఫోన్ ఇంట్లో ఇంకెవరి చేతిలోనైనా ఉంటే ఇంకా కష్టం. చెప్పాల్సింది ల్యాబే. చెప్పేటప్పుడు కూడా ఏ పరీక్ష అనే మాట ఎత్తకుండా, "మీ రిపోర్టు లింకు కొంతకాలం ఇతరులు తెరవగలిగేలా ఉంది, ఇప్పుడు సరిచేశాం" అని మాత్రమే చెప్పాలి.

—

అడ్వకేట్_తిరుపతి:

నర్సు గారు చెప్పింది చట్టంలోనూ ఉంది. సమాచారం బయటికి పోతే సంబంధిత మనుషులకీ, డేటా రక్షణ బోర్డుకీ తెలియజేయాలని 2023 చట్టం చెప్తుంది. దాని నిబంధనలు దశలవారీగా అమల్లోకి వస్తున్నాయి, అందుకని ఈ ల్యాబ్ మీద ఇప్పుడే దాన్ని ఎంతవరకు వాడొచ్చో మీ లాయర్ చూసుకోవాలి. అది కుదరకపోయినా దారి మూసుకుపోలేదు. నష్టపోయిన పేషెంటు ఎవరైనా ఐటీ చట్టం కింద రాష్ట్ర ఐటీ కార్యదర్శి దగ్గర పరిహారం అడగొచ్చు, 5 కోట్ల లోపు కేసులు విచారించే అధికారం ఆయనకుంది. పేషెంటుకి విషయం తెలిస్తేనే కదా అడిగేది. కాబట్టి రెండో లెటర్ రాయించండి. సర్వర్‌లో ఏ లింకు ఎప్పుడు ఎక్కడి నుంచి తెరిచారో లాగ్ ఉంటుంది, దాన్ని చెరపొద్దని అడగండి. ఎవరెవరి రిపోర్టులు వేరేచోట తెరుచుకున్నాయో చూసి వాళ్లకి తెలియజేయమని అడగండి. ఆ లాగ్‌లో మీ అబ్బాయి తెరిచిన రెండు వందలూ కనిపిస్తాయి. అయినా అడగండి, ఆ మాట కూడా లెటర్‌లోనే రాయండి.